పదిహేడు ఒకట్లు

2015 జులైలో నాకు గెజిటెడ్ ప్రధానోపాధ్యాయురాలిగా పదోన్నతి వచ్చింది. అప్పటిదాకా హుజూర్‌నగర్ చుట్టుపక్కల, ఎక్కువగా మేళ్లచెరువులో, స్కూల్ అసిస్టెంటుగా గణితం చెప్పాను. ప్రధానోపాధ్యాయ పోస్టు జిల్లాది కాదు, జోన్‌ది. కాబట్టి నల్లగొండ మనిషిని పాలమూరుకు వేయడానికి నిబంధనల్లో అడ్డేమీ లేదు. కౌన్సెలింగులో నా వంతు వచ్చేసరికి దగ్గరి ఖాళీలన్నీ అయిపోయాయి. మహబూబ్‌నగర్ నుంచి బస్సులో ముప్పావు గంట దూరంలో ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల మిగిలింది. సంతకం పెట్టి, పట్టణంలో ఒక గది కిరాయికి తీసుకుని చేరిపోయాను.

కొత్త బడిలో చేరిన ప్రధానోపాధ్యాయులు మొదట చూసేది టైంటేబుల్. ఎవరికి ఎన్ని పీరియడ్లు, ఎవరికి ఎక్కడ ఖాళీ అన్నది తెలిస్తే సగం బడి అర్థమైనట్టే. ఖాళీ పీరియడ్‌ను మేము లీజర్ అంటాం; పేరుకే అది లీజర్, పిల్లల నోటుపుస్తకాలు, మా మాటలో కాపీలు, దిద్దుకోవడానికి ఇచ్చే సమయం అది. చేరిన వారంలోనే ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములోకి వెళ్లేసరికి గణితం సారు విఠల్ గారు పాత ప్రశ్నపత్రాల వెనక వైపున ఏదో భాగహారం చేస్తూ కనిపించారు. కాగితం ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకున్నారు. ఆయన ముందు పిల్లల కాపీల కట్ట విప్పకుండానే ఉంది.

నాకు కోపం ముందొస్తుంది, విషయం తర్వాత తెలుస్తుంది. ఇది బడి సమయం కదా, సొంత పని ఇంట్లో చేసుకోవాలి కదా అని నలుగురి ముందే అనేశాను. ఆయన లేచి నిలబడి, "అయితది మేడం, గీ ఒక్కటి అయితె కాపీలు దిద్దుత" అన్నారు. వయసులో నాకంటే ఏడాది పెద్ద. ఇంకో మూడేళ్లలో రిటైరు కావలసిన మనిషి అంత వినయంగా నిలబడేసరికి నేను బయటికి వచ్చేశాను. సాయంత్రం ఆఫీసు గదికి పిలిచి, ఏం లెక్క అది అని అడిగాను. గణితం మనిషిని కాబట్టి నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

ఆయన చెప్పింది ఇది. వాళ్లది మగ్గం నేసే కుటుంబం. తండ్రి, అన్నలు నారాయణపేట చీరలు నేసేవాళ్లు. ఈయన ఒక్కరే చదువుకుని బడిపంతులయ్యారు. ఒక్కతే కూతురు, పేరు మాధురి. ఆ పిల్ల ఆరో తరగతిలో ఉన్నప్పుడు ప్రధాన సంఖ్యలు నేర్పుతుంటే, 11 ప్రధాన సంఖ్య అయింది కదా, మరి 111 ఎందుకు కాలేదు అని అడిగిందట. ప్రధాన సంఖ్య అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగించబడనిది. 111 మూడుతో పోతుంది. 1111 పదకొండుతో పోతుంది. అయిదు ఒకట్లు 41తో పోతాయి. అలా ఇంట్లో అదొక ఆట అయింది.

ఒకట్ల లెక్క నాలుగో ఆరో తొమ్మిదో అయితే ఆ సంఖ్య దానంతట అదే విరుగుతుంది. నాలుగు ఒకట్లంటే రెండేసి ఒకట్ల జంటలే కదా. ఒకట్ల లెక్క కూడా ప్రధాన సంఖ్య అయినప్పుడే అసలు కష్టం. ఏడు ఒకట్లు 239తో పోతాయని ఆ పిల్ల సొంతంగా పట్టుకుంది. ఆ రోజు ఆయన సంతోషం పట్టలేక జిలేబీ తెచ్చి వాడకట్టంతా పంచారట. పదకొండు ఒకట్లు పట్టడానికి తండ్రీబిడ్డలకు చాలా రోజులు పట్టింది. పదమూడు తేలికగా 53తోనే పోయింది. ఆ తర్వాతది పదిహేడు. అక్కడ చిక్కుకున్నారు.

పదిహేడు ఒకట్లు పక్కపక్కన రాస్తే పదకొండు వేల లక్షల కోట్లు దాటిన సంఖ్య అవుతుంది. దానికి ప్రధాన భాజకం ఏదున్నా, ఆ భాజకాన్ని 34తో భాగిస్తే శేషం 1 రావాలి. ఇది నిరూపించగలిగిన విషయమే, ఇక్కడ నిరూపించి చదివేవాళ్లను విసిగించను. ఈ నియమం వల్ల ప్రయత్నించవలసిన సంఖ్యలు బాగా తగ్గుతాయి. తగ్గినా లక్షల్లోనే ఉంటాయి. తండ్రీబిడ్డలు రోజుకు నాలుగైదు భాగహారాల చొప్పున ఏళ్ల తరబడి చేస్తూ వచ్చారు. కంప్యూటరును అడగకూడదని, ఎవరినీ అడగకూడదని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు.

నేను చేరడానికి ఏడాది ముందు మాధురి చనిపోయింది. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ ఉండగా డెంగీ జ్వరం వచ్చింది. దవాఖానలో చేర్చారు, తగ్గిందన్నారు, ఉన్నట్టుండి పోయింది. ఈ సంగతి ఆయన చెప్పలేదు. ఆయన వెళ్లాక అటెండర్ చెప్పాడు. ఆయన నాతో అన్నది వేరే మాట. "మీకు జవాబు తెలిసినా చెప్పకండ్రి మేడం. మేమే తీస్తం" అన్నారు. మేము అన్న మాట నాకు అప్పుడు వింతగా తోచలేదు, అటెండర్ చెప్పాక అర్థమైంది.

ఆ రాత్రి నేను ఊరుకోలేకపోయాను. ఫోనులో పదిహేడు ఒకట్లు కొట్టి చూశాను. రెప్పపాటులో జవాబు వచ్చింది. చిన్న కారణాంకం 20,71,723. పెద్దది అయిదు వందల ముప్పై ఆరు కోట్ల పైచిలుకు. ఇరవై లక్షల దగ్గరే ఉంది కాబట్టి ఇవాళ కాకపోతే రేపు ఆయనకే దొరుకుతుందని సంతోషించాను. దొరికిన రోజు స్టాఫంతా కూర్చుని టీ తాగుదామని, ప్రార్థన సమయంలో పిల్లలందరికీ ఆయన చేతే చెప్పిద్దామని కూడా అనుకున్నాను. ఆయన అప్పటికి ఎంతవరకు వచ్చారో అడగాలన్న ఆలోచన రాలేదు.

దసరా సెలవుల తర్వాత ఆయన భార్య పద్మక్క నా గదికి వచ్చింది. ఆమెను చూడటం అదే మొదటిసారి. కుర్చీ చూపించినా కూర్చోలేదు. సారుకు షుగరు ఉందని నాకు తెలుసు. అది కళ్లకు వచ్చిందని తెలియదు. కంటి వెనక పొరలో రక్తం ఊరుతోందని, వెంటనే లేజర్ పెట్టాలని, ఆలస్యమైతే ఉన్న చూపు కూడా తిరిగి రాకుండా పోతుందని మహబూబ్‌నగర్‌లో డాక్టరు చెప్పాడట. లేజర్ పెట్టాక కొన్నాళ్లు దగ్గరివి సరిగ్గా కనబడవని ఈయన ఒప్పుకోవడం లేదు.

"గా లెక్క అయినంకనే దవాఖానకు వస్తనంటడు మేడం. గది ఎప్పుడైతదో నాకేం ఎరుక? బిడ్డ పాయె. ఇగ ఈయన కండ్లు గూడ పోతె నేనెట్ల బతకాలె? మీరన్నా చెప్పండ్రి, మీరు లెక్కలోల్లు, మీ మాట ఇంటడు" అంది. ఏడవలేదు. అడగవలసింది అడిగి, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

చూపు సంగతి నేను గమనించకపోలేదు. బోర్డు మీద రాసేటప్పుడు ఆయన వరుస కిందికి జారిపోతోంది. 3కు 8కి తేడా తెలియక పిల్లల మార్కులు రెండుసార్లు తప్పు పడ్డాయి. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులెవరైనా జిల్లా విద్యాధికారికి అర్జీ పెడితే నేను నివేదిక రాయాలి, రాస్తే ఆయనను వైద్య పరీక్షకు పంపమంటారు. రిటైర్మెంటు ముందు అంతకన్నా అవమానం ఇంకొకటి ఉండదు. జవాబు దగ్గర్లోనే ఉంది కదా, ఇంకొన్ని రోజులు ఓపిక పడితే ఆయనే దవాఖానకు పోతారు అని లెక్క వేసుకుని, మర్నాడు ఆయనను పిలిచి ఎంతదాకా వచ్చిందని అడిగాను.

"ఇరవై మూడు లక్షలు దాటిన మేడం" అన్నారు.

నేను సరిగ్గానే విన్నానా అని మళ్లీ అడిగాను. అదే మాట అన్నారు. ఇరవై మూడు లక్షలు దాటారంటే 20,71,723 వెనకబడిపోయింది. దాన్ని ప్రయత్నించారు, కాదని వదిలేశారు. అయితే ఎక్కడో ఒక భాగహారం తప్పింది. ఇరవై లక్షల దగ్గర ఎవరు చేశారు అని, మామూలుగా అడిగినట్టే అడిగాను. పదిహేను లక్షల నుంచి ఇరవై ఒకటి దాకా మొత్తం మాధురే చేసిందని, ఆ వయసులో తన కళ్లు చురుకని పెద్ద సంఖ్యలన్నీ తనే తీసుకుందని చెప్పారు. బిడ్డ ఆపిన చోటు నుంచి తాను మొదలుపెట్టానన్నారు. చెబుతుంటే ఆయన ముఖం వెలిగింది. నేను మంచినీళ్లు తాగి, సరే సార్ వెళ్లండి అన్నాను.

ఆయన ముందున్న దారి ఏమిటో నాకు స్పష్టంగా కనిపించింది. ఒక సంఖ్య ప్రధానమా కాదా తేల్చాలంటే దాని వర్గమూలం దాకా వెళితే చాలు. ఇక్కడ అది పదిన్నర కోట్లు. అంతదాకా ఈయన పోయేది లేదు, పోయినా ఆ మధ్యలో దొరికేది లేదు. రెండో కారణాంకం ఎక్కడో వందల కోట్ల అవతల ఉంది. ఉన్న ఒక్క తలుపూ వెనకే మూసుకుపోయింది. కూతురు చేసినవాటిని ఆయన తిరిగి చూడరు. చూడటమంటే ఆ పిల్లను నమ్మకపోవడమే ఆయన లెక్కలో.

వారం రోజులు ఇదే ఆలోచించాను. ఒక అబద్ధం చెబితే అన్నీ తీరతాయి. అది ప్రధాన సంఖ్యే సార్, ఫోనులో చూశాను, మీరిద్దరూ చేసింది సరైనదే అంటే చాలు. పని ఆగుతుంది, కళ్లకు లేజర్ పడుతుంది, పిల్ల పేరుకు మచ్చ రాదు. అద్దం ముందు నిలబడి ఆ మాట అనుకుని చూశాను కూడా. ఇన్నేళ్లు గణితం చెప్పిన నోటికి అది రాలేదు. ఇంకో భయమూ ఉంది. ఆయన దాన్ని తరగతిలో చెబుతారు. పదో తరగతిలో సగం ఇళ్లలో ఫోన్లున్నాయి, ఎవరో ఒకరు చూసుకొచ్చి ఆయన ముఖాన్నే సార్ తప్పు అంటారు. అది నా నోట వినడమే మేలనుకున్నాను.

ఒక శనివారం బడి వదిలాక పదో తరగతి గదిలో ఉండమన్నాను. బోర్డు మీద పెద్ద అంకెలతో 20,71,723 అని రాశాను. మీరు వద్దన్నారు, అయినా చూశాను, ఇది పోతుంది సార్ అని చెప్పాను. ఆయన దగ్గరికి వచ్చి అంకెలు ఒక్కొక్కటే చూసుకున్నారు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. "గిది అయిపోయింది మేడం. మాధురి చేసింది. శేషం వచ్చింది" అన్నారు నిబ్బరంగా. మీ ఫోనే తప్పై ఉంటుంది అన్నట్టు నన్ను జాలిగా చూశారు.

సోమవారం సాయంత్రం అదే గదికి మాధురి చేసిన కాగితం తెచ్చారు. చేసిన భాగహారాలన్నీ పడుగు నూలుతో కట్టలు కట్టి వరుసగా దాచుకున్నారు కాబట్టి వెతకడం కష్టం కాలేదట. గుండ్రటి, శుభ్రమైన చేతిరాత. శేషం 10,89,862 అని ఉంది. దాని కింద తొమ్మిదుల పరీక్ష పెట్టి, రెండు వైపులా ఎనిమిది వచ్చిందని రాసి టిక్కు కొట్టింది.

తొమ్మిదుల పరీక్ష గురించి చెప్పాలి. భాగహారం సరిపోయిందో లేదో చూడటానికి పాత పంతుళ్లు నేర్పే పద్ధతి అది. ఒక సంఖ్య అంకెలన్నీ కూడి, వచ్చినదాని అంకెలు మళ్లీ కూడి, ఒక్క అంకెకు తేవాలి. భాజకం అంకెను భాగఫలం అంకెతో గుణించి శేషం అంకెను కలిపితే మొదటి సంఖ్య అంకె రావాలి. పదిహేడు ఒకట్లు కూడితే పదిహేడు, ఒకటీ ఏడూ కలిపితే ఎనిమిది. కాగితం మీదా ఎనిమిదే వచ్చింది. "సూసిన్రా" అన్నారాయన.

మళ్లీ చేద్దాం సార్ అన్నాను. బోర్డు మీది అంకెలు ఆయనకు ఆనడం లేదు కాబట్టి ఆయన నోటితో చెప్పాలి, నేను రాయాలి అని ఒప్పందం. ఆయన కిటికీ వైపు తిరిగి కళ్లు మూసుకున్నారు. అయిదుసార్లు పోతుంది, మిగిలింది ఇంత, ఒకటి దించు, మూడుసార్లు పోతుంది అని చెబుతూ పోయారు. ఒక్కచోట తడబడలేదు. అన్ని లక్షల సంఖ్యలను నోటితో తీసివేసే మనిషిని అంతకుముందు నేను చూడలేదు. చివరి మెట్టుకు వచ్చేసరికి ఒక కోటీ నలభై అయిదు లక్షల రెండు వేల అరవై ఒకటి మిగిలింది. ఏడు సార్లు అన్నారు. ఏడుసార్లు ఎంతో తనే మనసులో గుణించుకున్నారు. నేనే కింద అదే సంఖ్య రాసి, గీత గీసి, సున్నా వేశాను.

కాగితాన్నీ బోర్డునీ వరుస వెంబడి పోల్చి చదవమన్నారు. మొదటి మూడు వరుసలు ఒకటే. నాలుగో తీసివేత దగ్గర శేషం 4,60,662 రావాలి. కాగితం మీద 4,66,062 అని ఉంది. తీసివేత ఆ పిల్ల సరిగ్గానే చేసి ఉంటుంది. దించి రాసేటప్పుడు సున్నా, ఆరు జాగాలు మారాయి. అంకెలు స్థానాలు మారితే వాటి మొత్తం మారదు కదా. అందుకే తొమ్మిదుల పరీక్ష ఏమీ జరగనట్టే ఎనిమిది చూపించింది. ఆ కిందంతా ఆ తప్పు సంఖ్య మీదే నడిచింది, ఒక్క చోట కూడా పొరపాటు లేకుండా.

విఠల్ గారు పిల్లలు కూర్చునే బెంచీ మీద కూర్చుండిపోయారు. కాగితం తిరిగి ఇవ్వమన్నట్టు చెయ్యి చాపితే ఇచ్చాను. "బిడ్డ పరీక్ష పెట్టింది గదా మేడం. నేను చెప్పిన పరీక్షనే పెట్టింది. అది చాలదని నేను చెప్పలే" అన్నారు. ఇంకో పరీక్ష ఉంది. అంకెలను ఒకటి విడిచి ఒకటి కూడి తీసివేసే పదకొండుల పరీక్ష. పక్కపక్క అంకెలు తారుమారైతే అది పట్టేస్తుంది. దానికి ఇంకో రెండు నిమిషాలు పడుతుందని, చిన్నపిల్ల విసుక్కుంటుందని ఈయనే వద్దన్నారట. ఇది పెట్టి ఉంటే జవాబు ఆ పిల్ల బతికుండగానే, ఆ పిల్ల చేతికే వచ్చేది. ఈ మాట ఆయన అనలేదు, నేనూ అనలేదు. ఇద్దరికీ గణితం వచ్చు.

లేవబోతూ ఒక ప్రశ్న అడిగారు.

"మీరు చెప్పకపోతె నాకు ఎన్నడన్న దొరుకుతుండెనా?"

దొరకదు సార్ అన్నాను.

"అయితె నడుస్తుండె గదా" అన్నారు. "నేను ఉన్నన్ని రోజులు నడుస్తుండె, మా పని."

డస్టర్ నా చేతిలోనే ఉంది, బోర్డు తుడవాలో వద్దో తెలియలేదు. ఆయనే దాన్ని అందుకుని పైనుంచి కిందికి నిదానంగా తుడిచి, పద్మక్క బస్టాండులో ఎదురుచూస్తోందని చెప్పి వెళ్లిపోయారు.

ఆ వారమే దవాఖానకు వెళ్లారు. వైద్య ధ్రువపత్రం మీద సెలవు పెట్టించి, ఆయన తరగతులు నేనే తీసుకున్నాను. కుడి కంటికి ఆలస్యమైపోయింది. ఎడమ కన్ను నిలబడింది. పద్మక్క బడికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. తిరిగి విధుల్లో చేరాక ఆయన పాఠాలు ఎప్పటిలాగే చెప్పారు. కాపీలు లీజర్‌లోనే దిద్దేవారు, ఒక్క రోజు కూడా బాకీ పెట్టలేదు. పదో తరగతి మొదటి పాఠం వాస్తవ సంఖ్యలు. అందులో ప్రధాన కారణాంకాలు వస్తాయి. అది మాత్రం చెప్పలేనని, ఆ ఒక్కటి నన్ను తీసుకోమని అడిగారు. ఆయన రిటైరయ్యేదాకా అది నేనే చెప్పాను. దిద్దడానికి కాపీలు లేని రోజు ఆయన స్టాఫ్ రూములో చేతులు ఒళ్లో పెట్టుకుని గంట కొట్టేదాకా కూర్చునేవారు. ఎవరైనా పలకరిస్తే పలికేవారు.

ఆయన రిటైరైన తర్వాతి ఏడు నేనూ రిటైరయ్యాను. ఈ ఉదంతం నాకు నేర్పినవి రెండు. భాగహారాన్ని తొమ్మిదులతో చూస్తే పదకొండులతోనూ చూడాలి. ఒక పరీక్ష నెగ్గిందంటే ఆ పరీక్షకు దొరికే తప్పు లేదని మాత్రమే అర్థం. దీన్ని ఆ తర్వాత నా దగ్గర చదివిన ప్రతి తరగతికీ చెప్పాను. రెండోది ఏ తరగతికీ చెప్పలేదు. ఒక మనిషికి జవాబు చెప్పబోయే ముందు, మర్నాడు పొద్దున లేచి ఆ మనిషి ఏం చేస్తాడో కూడా ఆలోచించి పెట్టుకోవాలి. నేను కళ్ల వరకే ఆలోచించాను.